మా అత్తయ్య కోటలోని ఖైదీ

సీసాల మీద తారీఖు వెయ్యాలా వద్దా అన్నదాని మీద ఆ ఉదయం మా ఇంట్లో గొడవ మొదలైంది.

నేను తెల్లకాగితం ముక్కలుగా కత్తిరించి, ఒక్కొక్కదాని మీద ఇంటిపేరు, నెల, సంవత్సరం రాసి, జిగురు రాసి వరసగా అంటిస్తున్నాను. మా అత్తయ్య దొనాతా టమాటా గుజ్జు నింపిన సీసాలకి మూతలు బిగిస్తోంది. నా వైపు చూడకుండానే అంది:

"సీసాలకి పుట్టినరోజులు చేస్తావుటే?"

"ఏ ఏడాదివో తెలియద్దా అత్తయ్యా? పోయిన చలికాలం మూడేళ్ళ నాటిది తీసి వండారు."

"తిన్నావు కదా. చచ్చావా?"

"కడుపునొప్పి వచ్చింది."

"అది సీసా వల్ల కాదు. తినేటప్పుడు కూడా ఏదో ఒకటి చదువుతూ కూర్చుంటావు, అందువల్ల. మూత తీసి వాసన చూస్తే ఏ ఏడాదిదో అదే చెబుతుంది."

"నాకు చెప్పదు."

"నీకెందుకు చెబుతుంది? నీతో మాట్లాడాలంటే దానికి కూడా డిగ్రీ ఉండాలేమో."

మా ఆయన కానియో సీసాలు ఉడికించే ఇనప పీపా కింద కట్టెలు సర్దుతున్నాడు. "నువ్వు చెప్పు, ఎవరిది న్యాయం?" అని నేను అడిగితే, "నేను పీపా పక్షం" అని ఇంకో కట్టె తోశాడు. పెళ్ళయిన పదహారేళ్ళలో అతను ఏ పీపా పక్షమో ఒకటి వెతుక్కోని రోజు లేదు. అత్తయ్య నేను అంటించిన కాగితాల్లో మూడు గోటితో గీకేసింది. నేను మళ్ళీ అంటించాను.

మా ఊరు రొక్కస్పేరాలో ఆగస్టు వస్తే ప్రతి ఇంటి ముందూ ఇదే పని. మా సందులో అయిదిళ్ళవాళ్ళం కలిపి ఆరువందల సీసాలకి పైగా చేస్తాం. చేసినవన్నీ కోటలో పెడతాం. మా వంటింటి గుమ్మం దాటి ఇరవై అడుగులు నడిస్తే కోట తలుపు. లోపల మెట్ల కింద ఒక గది ఉంది, కిటికీ లేదు, ఎండాకాలంలో కూడా చలి పుడుతుంది. ఊళ్ళోవాళ్ళు దాన్ని చెరసాల అంటారు. చెరసాల కావడం మా అత్తయ్యకి గొప్ప. చల్లగా ఉండటం మా అందరికీ సౌకర్యం.

కోట తాళంచెవి మా వంటింట్లోనే, ఉప్పుడబ్బా పక్కన మేకుకి ఉంటుంది. మామయ్య మునిసిపాలిటీ కాపలాదారుగా ఉన్నప్పుడు ఇంటికొచ్చింది. ఆయన పోయాక వాళ్ళు అడగలేదు, అత్తయ్య ఇవ్వలేదు. కోట తలుపు మీద మా ఫోన్ నంబరు రాసిన అట్టముక్క ఒకటి మేకులతో కొట్టి ఉంటుంది. చూడవచ్చినవాళ్ళు ఫోన్ చేస్తే అత్తయ్య బాల్కనీలోకి వెళ్ళి, ముందు వాళ్ళ ముఖాలు చూస్తుంది. నచ్చితే తాళంచెవి బుట్టలో పెట్టి తాడుతో కిందికి దింపి, "తెరుస్తూ ఉండండి నాయనా, చేతులు కడుక్కుని వస్తున్నా" అంటుంది. నచ్చకపోతే "మరమ్మతులు జరుగుతున్నాయి" అంటుంది. మధ్యాహ్నం రెండు నుంచి అయిదు దాకా అందరూ నిద్రపోయే వేళ, అప్పుడు ఎవరొచ్చినా మరమ్మతులే.

లోపలికి తీసుకెళ్ళాక ఆవిడ చెప్పే కథ ఒకటుంది. కోట దొరగారి కూతుర్ని ప్రేమించిన లిసాండ్రో అనే కుర్రవాణ్ణి ఆ మెట్ల కింద గదిలో ఏడేళ్ళు బంధించారు. రోజుకొక గీత చొప్పున గోడ మీద గీస్తూ, చివరి గీత సగంలో ఉండగా ప్రాణం విడిచాడు. ఇక్కడ అత్తయ్య ఆగి, ఆ సగం గీత మీద వేలు పెట్టి, నాలుగుసార్లు ఊపిరి తీసేంత సేపు మాట్లాడదు. ముప్ఫై ఏళ్ళలో ఆ నాలుగు ఊపిరుల్లో ఏడవనివాళ్ళు తక్కువ. ఒకసారి ఒక పోలీసాయన కూడా ఏడ్చాడు.

లిసాండ్రో ఎప్పుడూ లేడు. ఆ సంగతి నాకు తొమ్మిదేళ్ళుగా తెలుసు. నేను నేపుల్స్‌లో చరిత్ర చదివాను. మా అమ్మాయి చిన్నప్పుడు దాని చెవికి వైద్యం చేయించడానికి జిల్లా పట్నం పొతెంజా వెళ్ళి వస్తూ, దొరికిన ఖాళీల్లో అక్కడి పాత పత్రాల ఆఫీసులో కూర్చునేదాన్ని. మా కోట పెద్దదొర పోయినప్పుడు వారసులు రాయించిన సామాన్ల జాబితా ఒకటి చేతికొచ్చింది. గది గదికీ ఏముందో రాశారు. మెట్ల కింద గది దగ్గర నూనె జాడీలు, జున్ను, వేలాడదీసిన పందితొడలు తొమ్మిది అని ఉంది. అది వంటసామాను కొట్టు. గోడ మీది గీతలు జాడీల లెక్క, అయిదేసి చొప్పున కట్టలుగా గీసినవి. ఈ సంగతి అప్పట్లో ఒకసారి భోజనాల దగ్గర చెప్పాను. అత్తయ్య మూడు వారాలు నాతో మాట్లాడలేదు. ఆ నకలు అప్పణ్ణించీ నా బీరువా అడుగున, దుప్పట్ల కింద ఉండిపోయింది. నేనూ ఎవరితోనూ అనలేదు.

సీసాల పని ముగిసిన మర్నాడు మునిసిపాలిటీ గుమస్తా తొమ్మాసో ఒక ఫారం పట్టుకొచ్చాడు. మా బసిలికాతా ప్రాంతంలో ఉన్న కోటలన్నీ కలిపి ఒక యాత్రా దారి చేస్తున్నారట. మా చిన్న కోటని కూడా చేర్చాలంటే దానికి బాధ్యులుగా ఒక మనిషి పేరు రాయాలి. ఒక్క గీత ఖాళీ వదిలారు. దాని పక్కనే 'విద్యార్హత' అని ఇంకో గీత.

"ఈ రెండో గీత ఎందుకు?" అంది అత్తయ్య.

"అడుగుతారు పిన్నీ. అందరినీ అడుగుతారు."

"అయిదో తరగతి అని రాయి."

తొమ్మాసో కలం మూత తీశాడు, మళ్ళీ పెట్టేశాడు. నా వైపు చూశాడు. కోడలి పేరు రాస్తే ఆ గీతలో పట్టనంత చదువు ఉంది కదా పిన్నీ, అన్నాడు. అత్తయ్య కాఫీ గిన్నె పొయ్యి మీంచి దింపి, అతని కప్పులో పోయకుండా పక్కన పెట్టింది. మా ఊళ్ళో కాఫీ పోయకపోవడం కంటే పెద్ద తిట్టు లేదు.

ఆ రాత్రి వంట చేస్తూ ఆ ఖాళీ గీత గురించే ఆలోచించాను. నాకు నా పేరు అక్కడ రాయించుకోవాలని ఉంది. ఇది అత్యాశ అని తెలిసే ఉంది. మా వైపు డిగ్రీ ఉన్న ప్రతివాళ్ళనీ డాక్టరు అని పిలుస్తారు, మందుల షాపాయన్నీ, బ్యాంకులో కూర్చునేవాణ్ణీ. పదహారేళ్ళలో నన్ను మాత్రం ఎవరూ పిలవలేదు, ఎందుకంటే నా చేతిలో ఎప్పుడూ గరిటె ఉంటుంది. అయితే ఆ తాళంచెవి తీసేస్తే అత్తయ్య చేతిలో ఏముంటుంది అన్నది కూడా నాకు తెలియనిది కాదు.

ఫారంతో పాటు నిబంధనల కాగితాలు తొమ్మిది వచ్చాయి. వాటిని ఇంట్లో చదివింది నేనొక్కదాన్నే, రెండుసార్లు చదివాను. నాలుగో పేజీలో, కోటలో సొంత సామాన్లు నిలవ చేస్తే దారిలోంచి తీసేస్తారని ఉంది. సోమవారం ఫారం ఇవ్వాలి. అంతకు ముందు శనివారం పొతెంజా నుంచి ఒర్నెల్లా గారనే అధికారి, ఒక బస్సు నిండా మతేరా పట్నం రిటైరైనవాళ్ళతో వస్తారు. వాళ్ళకి కోట ఎలా చూపిస్తామో పరీక్షిస్తారు.

"సీసాలు తీసెయ్యాలి అత్తయ్యా."

"ఆరువందల సీసాలు. పునీతుడి పండుగ వారంలో. ఎవరు మోస్తారు, నీ డిగ్రీ మోస్తుందా?"

"నాలుగో పేజీలో..."

"ఆవిడ కోట చూడ్డానికి వస్తోంది. మన పులుసు చూడ్డానికి కాదు. నేను చూసుకుంటా, నువ్వు వెనకాల నడువు."

ఎలా చూసుకుందో శనివారం తెలిసింది. మా ఊళ్ళో పునీతుడి ఊరేగింపు రోజున ఇంట్లో ఉన్నవాటిల్లో మంచి దుప్పటి బాల్కనీకి వేలాడదీస్తాం. అత్తయ్యది పెళ్ళినాటి ఎర్రపట్టు దుప్పటి, బంగారు అంచు. పండుగ అయ్యాక అది పెట్టెలోకి వెళ్ళలేదు. సీసాల గుట్ట మీద కప్పేసింది. నేను గదిలో అడుగుపెట్టి చూసేసరికి, కిటికీ లేని ఆ చీకట్లో, ఒక్క బల్బు కింద, మనిషి పొడవున ఎర్రపట్టు కప్పుకుని ఏదో పడుకుని ఉంది. బాగా లేదని చెప్పేలోపే బస్సు హారన్ వినిపించింది.

ముప్ఫై ఒక్కమంది దిగారు. ఒర్నెల్లా గారు నలభైల్లో ఉన్న మనిషి, మడమల్లేని చెప్పులు, చేతిలో అట్టకి బిగించిన కాగితాలు. అత్తయ్య నల్లగౌను వేసుకుని, తాళంచెవి రెండు చేతులా పట్టుకుని నిలబడింది. ఆవిడ అంత బాగా చెప్పగా నేనెప్పుడూ వినలేదు. ప్రహరీ దగ్గర వాళ్ళని నవ్వించింది, బావి దగ్గర భయపెట్టింది. మెట్ల కింద గదిలోకి వచ్చి లిసాండ్రో దగ్గరికి చేరేసరికి అందరూ ఒకళ్ళ భుజం ఒకళ్ళు పట్టుకుని ఉన్నారు. సగం గీత. వేలు. నాలుగు ఊపిరులు.

ఆ నిశ్శబ్దంలో ఊదారంగు కళ్ళజోడు పెట్టుకున్న ఒక ముసలావిడ ఎర్రపట్టు వైపు తిరిగింది.

"ఇక్కడే ఉన్నాడా, తల్లీ?" అంది.

అత్తయ్య నోరు తెరిచింది. కాదనే అనబోయిందని ఇప్పటికీ నా నమ్మకం. కానీ ముప్ఫై ఒక్కమంది తడి కళ్ళు ఆవిడ మీద ఉన్నాయి. మంచి శ్రోత దొరికితే ఆవిడ ఎప్పుడూ తట్టుకోలేదు. తల కొంచెం కిందికి వాల్చింది. అంతే. అది అవునో కాదో ఎవరికి ఎలా కావాలంటే అలా.

కళ్ళజోడావిడ మోకాళ్ళ మీద కూర్చుంది. సిలువ గుర్తు వేసుకుని, పట్టు అంచు వేళ్ళతో తాకి, ఆ వేళ్ళు ముద్దుపెట్టుకుంది. మా వైపు మనుషులు ఒకరు మోకాళ్ళ మీద కూర్చుంటే రెండోవారు నిలబడి ఉండలేరు. వరస కట్టారు. ఒకతను టోపీ తీశాడు. ఒకావిడ జాకెట్టుకి గుచ్చుకున్న గుడ్డ గులాబీ తీసి పట్టు మీద పెట్టింది. ఇంకొకావిడ, మోకాలి నొప్పి తగ్గుతుందేమోనని కాబోలు, మోకాలితోనే ఆనుకుంది. లోపల ఏదో ఖంగుమంది.

"కదిలాడు," అన్నాడు టోపీ ఆయన.

ఒర్నెల్లా గారు వంగి, దుప్పటి కొస రెండు వేళ్ళతో ఎత్తింది. చాలాసేపు చూసింది. ఒక సీసా పైకి తీసి బల్బు కింద పెట్టి, నా చేతిరాత పైకే చదివింది: ఇంటిపేరు, ఆగస్టు, ఈ సంవత్సరం.

"ఇదేమిటి?" అని అడిగింది. ఎవరినీ ప్రత్యేకంగా అడగలేదు.

అత్తయ్య మాట్లాడలేదు. ఈసారి నాలుగు ఊపిరులు దాటిపోయాయి. తాళంచెవిని నల్లగౌను మడతల్లోకి దాచుకుంది. నాలుగో పేజీ నా కళ్ళముందు ఉంది. ఆ వెంటనే ఆరో పేజీ కూడా గుర్తొచ్చింది. కట్టడాన్ని పూర్వం ఏ పనికి వాడేవారో పత్రాలున్నచోట, అదే వాడకం కొనసాగించవచ్చని అందులో ఉంది.

సీసాలు నిలబడాలంటే లిసాండ్రో పోవాలి. అతను పోతే ఫారంలో ఆ ఖాళీ గీత మీద నా పేరే వస్తుంది. మొదటి మాట నేను సీసాల కోసమే అన్నానని చెప్పుకోవచ్చు. కానీ రెండో సంగతి నాకు ముందే తెలుసు, తెలిసే నోరు తెరిచాను.

"ఇది చెరసాల కాదండీ. వంటసామాను కొట్టు," అన్నాను. జాబితా సంగతి చెప్పాను. జాడీలు, జున్ను, తొడలు. గోడ దగ్గరికి వెళ్ళి గీతలు అయిదేసి చొప్పున ఎలా కట్టలు కట్టారో చూపించాను. ఈ గదిలో ఇన్ని వందల ఏళ్ళుగా తిండి సామానే పెడుతున్నారనీ, మా సందువాళ్ళు ఆ వాడకం ఒక్క ఏడాది కూడా తప్పించలేదనీ చెప్పాను. ఆరో పేజీ, రెండో పేరా అని కూడా చెప్పాను.

ఒర్నెల్లా గారి ముఖం విప్పారింది. "పత్రం ఉందా మీ దగ్గర?"

"ఇంట్లో ఉంది. దుప్పట్ల కింద."

"ఆ సగం గీత?" అంది కళ్ళజోడావిడ, ఇంకా మోకాళ్ళ మీదే ఉండి.

"అది సగం నూనె ఉన్న జాడీ అయివుండచ్చండీ."

టోపీ ఆయన టోపీ మళ్ళీ పెట్టుకున్నాడు. "మరి నేను ఏడ్చింది ఎవరి కోసం?"

"తొమ్మిది పందితొడల కోసం," అంది వెనకనించి ఎవరో. అందరూ నవ్వారు. అత్తయ్య నవ్వలేదు. దుప్పటి మీది గుడ్డ గులాబీ తీసి, పెట్టినావిడకి తిరిగి ఇచ్చేసి, దుప్పటి మడత పెట్టడం మొదలుపెట్టింది. సాయం చేద్దామని నేను రెండో కొస పట్టుకుంటే, ఆ కొస నా చేతిలోంచి లాక్కుంది.

ప్రాంగణంలో బల్లలు వేసి రొట్టె, జున్ను, ఎండబెట్టి నూనెలో వేయించిన తీపి మిరపకాయలు పెట్టాం. నేను ఒర్నెల్లా గారికి ఆ జాబితా నకలు చూపిస్తున్నాను. కానీ ఒక చెవి అవతలి బల్ల దగ్గరే ఉంది. అత్తయ్య చుట్టూ ముసలివాళ్ళు చేరారు. లిసాండ్రో లేడని తెలిసినా వాళ్ళు ఆవిణ్ణి వదలలేదు. వాళ్ళు చూసిన కోటల గురించి ఆవిడకే చెబుతున్నారు.

"మెల్ఫీ కోటలో గోడలో పెళ్ళికూతుర్ని పెట్టి కట్టేశారట," అంది కళ్ళజోడావిడ.

"ఎవరు చెప్పారు?" అంది అత్తయ్య.

"చూపించే ఆవిడ. సన్నటి గొంతు."

"సన్నటి గొంతుతో పెళ్ళికూతురి కథ ఏం పండుతుంది? గోడ మీద చెయ్యి పెట్టిందా?"

"లేదు. దూరంగా నిలబడి కర్రతో చూపించింది."

"కర్రతో," అంది అత్తయ్య. రొట్టెముక్క కింద పెట్టేసింది. "మరి వెనోసా కోటలో?"

"అక్కడ కుర్రాడు. వీపు మనకి, ముఖం గోడకి."

అత్తయ్య తల ఊపుతూ అన్నీ వింది. బస్సు కదిలేదాకా అడుగుతూనే ఉంది. తర్వాత ఇంటికి వచ్చి, తాళంచెవి మేకుకి తగిలించకుండా బల్ల మీద పెట్టి, పడుకోవడానికి వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం నాతో ఒక్క మాట మాట్లాడలేదు. మూడు వారాల లెక్క మళ్ళీ మొదలైందనుకున్నాను. ఆవిడ గది తలుపు కింద నుంచి దీపం కనిపిస్తూనే ఉంది. రెండుసార్లు తలుపు దాకా వెళ్ళి తిరిగొచ్చాను. క్షమించమని అడగడానికి నేను అబద్ధమేమీ చెప్పలేదు. చెప్పకపోవడమే తప్పయిపోయింది, తొమ్మిదేళ్ళపాటు.

ఆదివారం మధ్యాహ్నం భోజనానికి అత్తయ్య చేత్తో ఒత్తిన పాస్తా చేసింది. అలిగిన మనిషి పిండి పిసకదు. అయినా నాకు ధైర్యం రాలేదు. ఫారం బల్ల మీద ఉప్పుడబ్బా కింద ఉంది. కానియో, మా అమ్మాయీ తలవంచుకుని తింటున్నారు. ఈసారి అతనికి పీపా కూడా లేదు.

"ఆ కాగితం ఇలా తే," అంది అత్తయ్య.

ఇచ్చాను. ఆవిడ దాన్ని దూరంగా పట్టుకుని చూసి, నా పళ్ళెం పక్కన పెట్టి, పైన తాళంచెవి పెట్టింది.

"నీ పేరు రాయి. ఆ రెండో గీతలో నీ చదువంతా రాయి, చోటు చాలకపోతే కిందికి రాయి. ఇంతకాలం పనిలేకుండా కూర్చుని తింది కదా ఆ చదువు."

నేను చెంచా కింద పెట్టాను. అడగాలనుకున్నవి చాలా ఉన్నాయి. నోట్లోంచి ఇది వచ్చింది:

"ఎవరైనా వచ్చి లిసాండ్రో గురించి అడిగితే ఏం చెప్పను అత్తయ్యా?"

"లేడని చెప్పు. నిజమే చెప్పు." పాస్తా మీద జున్ను తురిమింది. "కానీ కొంచెం నెమ్మదిగా చెప్పవే. నిన్న మరీ గబగబా చంపేశావు. ముప్ఫై ఏళ్ళు మనతో ఉన్నవాడు. ఎవరన్నా ఏడుస్తుంటే ఆ ఏడుపు పూర్తవనీ, తర్వాత జాడీల సంగతి ఎత్తు."

"అలాగే," అన్నాను.

"నువ్వేం చేస్తావమ్మా మరి?" అన్నాడు కానియో.

"నాకు పనుంది. ముప్ఫై ఏళ్ళు ఊరూరివాళ్ళు వచ్చి నా కోట చూసి పోయారు. నేను ఇంకో కోట గడప తొక్కలేదు. ఆ మతేరావాళ్ళ బస్సులో సీటు చెప్పాను. కిటికీ పక్కది. వచ్చే శనివారం మెల్ఫీ, ఆ పై వారం వెనోసా, తర్వాత మిల్యోనికో. ఎన్ని ఉంటే అన్నీ."

"ఆ మోకాళ్ళతోనా?"

"మెట్లు వాళ్ళవి, ఆలోచించుకోవలసింది వాళ్ళు." మా ముగ్గురి పళ్ళాల్లోనూ ఇంకోసారి వడ్డించి, తనూ కూర్చుంది. "శనివారం ఏడింటికల్లా నాకు గుడ్డట్టు వేసిన రొట్టె కట్టివ్వాలి. ఆ కర్ర పట్టుకున్న ఆవిడని నేను చూడాలి. పెళ్ళికూతుర్ని గోడలో ఏ పక్క పెట్టారో ఆవిడకి తెలుసో తెలియదో, అడుగుతాను."